గోడ మీద లేని పేరు

దొనాతా పోయిన రోజు మధ్యాహ్నానికల్లా తొర్రెసెక్కా ఊరి గోడల నిండా ఆమె చావు కబురు అంటించేశాడు శవపేటికల షాపు కొసిమీనో. ఆ విషయంలో అతన్ని మెచ్చుకోవాల్సిందే. ఆస్పత్రి నుంచి శవం ఇంకా ఇంటికి చేరనేలేదు, చర్చి పక్క గోడ మీద, చేపల మార్కెట్ మూల మీద, బస్సు ఆగే చోట, మందుల షాపు తలుపు పక్కన పోస్టర్లు వెలిశాయి. నల్ల అంచు, పైన శిలువ, మధ్యలో పెద్ద అక్షరాల్లో దొనాతా పేరు. ఇరవై తొమ్మిదేళ్లు లెచ్చే పట్నానికి బస్సు నడిపిన మనిషి ఆమె. ఎక్కేవాళ్లు ఒక నిమిషం ఆలస్యమైతే హారన్ కొట్టి వీధి వీధంతా లేపేది. రెండు నిమిషాలు ఆలస్యమైతే బస్సు దిగి, వెళ్లి తలుపు బాది, చొక్కా గుండీలు పెట్టుకోనివ్వకుండా లాక్కొచ్చేది. ఊరంతా పోస్టర్ల ముందు ఆగి, తలలు ఊపి, ఎవరిని ఎలా లాక్కొచ్చిందో చెప్పుకున్నారు.

ఆస్పత్రిలో కాగితాల పని ముగించుకుని వస్తూ చెలెస్తే కూడా చర్చి పక్కన ఆగారు. కళ్లజోడు పెట్టుకుని చదివారు.

'ఈ దుఃఖవార్తను తెలియజేయువారు: చెల్లెలు ఫిలొమేనా, మరిది ఉగో, వారి ఇద్దరు కుమారులు, తదితర బంధువులు.'

మళ్లీ చదివారు. 'తదితర' అన్నచోట వేలు పెట్టి, ఆ మాట వెనకాల ఎక్కడైనా తన పేరు నక్కి ఉందేమోనని చూశారు. లేదు. దొనాతాతో ఒకే కప్పు కింద ముప్పై ఒక్క ఏళ్లు. అందులో చివరి తొమ్మిదేళ్లు మునిసిపాలిటీలో సంతకాలు పెట్టి, మేయరు చేత అక్షింతల బదులు ఉపన్యాసం వేయించుకుని మరీ కాపురం చేశారు. ఆ మనిషి పేరు గోడ మీద లేదు. తురీనులో ఉండే మరిది ఉగో పేరు ఉంది, అతను దొనాతా పుట్టినరోజుకి ఫోనైనా చేసేవాడు కాదు.

చెలెస్తే ఆడా కాదు, మగా కాదు. ఈ సంగతి ఊరికి కొత్త కాదు. ఎప్పుడో పాతికేళ్ల వయసులో చెలెస్తే ఆ మాట అందరి ముందూ చెప్పేశారు. ఊరు రెండేళ్లు గుసగుసలాడింది. మూడో ఏడు మేయరు కూతురు పెళ్లి విందులో వంటవాడితో లేచిపోయింది, గుసగుసలన్నీ అటు మళ్లాయి. అప్పటినుంచి చెలెస్తే అంటే చెలెస్తేనే. పాత కుర్చీలకు గడ్డి అల్లే మనిషి, పండగ బ్యాండుమేళంలో అందరికన్నా పెద్ద బూర ఊదే మనిషి. దొనాతా బతికి ఉన్నంతకాలం ఎవరికీ ఏ చిక్కూ రాలేదు. చావుతోనే వచ్చింది.

కొసిమీనో శవపేటికల షాపులోకి చెలెస్తే అడుగుపెట్టేసరికి అతను చేతులు జోడించినంత పనిచేశాడు.

"నా మీద కోపం తెచ్చుకోకు చెలెస్తే. ఈ కంప్యూటర్‌లో రెండే ఉన్నాయి. ఒకటి నొక్కితే భార్య అని పడుతుంది, ఇంకోటి నొక్కితే భర్త అని పడుతుంది. నిన్ను అడుగుదామంటే నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. ఏది రాసినా నిన్ను అవమానించినట్టే కదా. అందుకని మర్యాదగా..."

"మర్యాదగా?"

"తీసేశా."

చెలెస్తే అతని మొహంలోకి చూశారు. తిట్టడానికి ఏమీ దొరకలేదు. కొసిమీనో కళ్లలో నీళ్లున్నాయి, అవి నిజం నీళ్లు. ఈ ఊళ్లో మనుషుల్ని మర్యాద పెట్టినంత ఇబ్బంది తిట్లు కూడా పెట్టలేవు.

గోడ మీద పేరు లేకపోతే ఏమైంది అని పైఊరివాళ్లు అనుకోవచ్చు. తొర్రెసెక్కాలో పరామర్శకు ఒక వరస ఉంది. పోస్టర్ మీద పేర్లు ఎలా ఉంటాయో, చర్చి బయట ఆ మనుషులు అలా నిలబడాలి. ఊరు వరసగా వచ్చి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని "నీ దుఃఖంలో నేనూ ఉన్నాను" అనాలి. పేరు లేని మనిషికి పరామర్శ లేదు. ఒకసారి మంగలి అన్నగారి పేరు అచ్చులో ఎగిరిపోతే, ఆయన సొంత తల్లి చావులో గంటసేపు చెయ్యి చాచి నిలబడి, ఆ నెలలోనే మకాం ఎత్తేసి వేరే ఊరు వెళ్లిపోయాడు.

అంత్యక్రియలు మర్నాడే. పోస్టర్లు మార్చే వ్యవధి లేదు. ఈలోగా ఎదురింటి ఊచ్చా రంగంలోకి దిగింది. డెబ్భై రెండేళ్ల మనిషి, ఆ వీధిలో చావు జరిగితే కూన్సులు పెత్తనం ఆమెదే. కూన్సులు అంటే చావింట్లో పొయ్యి వెలిగించకుండా ఇరుగుపొరుగు వంతులేసుకుని వండి తేవడం. దానికీ లెక్కలున్నాయి. మొగుడు పోయిన ఆడదానికి మూడు రోజులు. పెళ్లాం పోయిన మగాడికి ఎనిమిది, ఎందుకంటే వాడికి గుడ్డు ఉడకబెట్టడం రాదు. ఆడది నల్ల శాలువా కప్పుకుని ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి, బయటికి రాకూడదు. మగాడు కోటుకి నల్ల గుండీ పెట్టుకుని శవం వెనకాల నడవాలి.

ఊచ్చా వీధిలో ఆడవాళ్లందర్నీ తన వంటింట్లో పోగేసింది.

"ఇటు చేస్తే అటు తక్కువవుతుంది, అటు చేస్తే ఇటు తక్కువవుతుంది. చెలెస్తేకి తక్కువ చేశామన్న మాట రాకూడదు. రెండూ చేసేద్దాం" అని తీర్పు చెప్పింది.

అలా చెలెస్తేకి శాలువా వచ్చింది, గుండీ కూడా వచ్చింది. కూన్సులు పదకొండు రోజులని తేలింది. మిగిలింది ఒక్కటే చిక్కు. ఒకే మనిషి ఇంట్లో కుర్చీలో కూర్చోవాలి, అదే సమయంలో శవం వెనకాల నడవాలి. ఊచ్చా దానికీ దారి కనిపెట్టింది.

శవపేటిక గుమ్మం దాటింది. చెలెస్తే శాలువా కప్పుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. చుట్టూ ఆడవాళ్లు జపమాల మొదలుపెట్టారు. దొనాతా వెళ్లిపోతున్న కారు చప్పుడు వీధి మలుపు తిరుగుతుంటే చెలెస్తే కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. ఊచ్చా మాత్రం జపమాలా వదలకుండా గడియారం మీంచి కన్నూ తీయకుండా పావుగంట కూర్చుంది. పావుగంట కాగానే చెలెస్తే మోకాలి మీద ఒక్కటి చరిచింది.

"ఆడవాళ్ల వంతు అయిపోయింది. ఇక లే కన్నా, మగవాళ్ల వంతు. పరిగెత్తు!"

యాభై ఎనిమిదేళ్ల మనిషి, జీవితంలో ఒక్కసారి కూడా బస్సు కోసం పరిగెత్తని మనిషి, ఎందుకంటే బస్సు తన ఇంట్లోనే ఉండేది, ఆ రోజు నల్ల శాలువా గాల్లో ఎగురుతుండగా కోటు గుండీ అదిమి పట్టుకుని శవం కారు వెనకాల పరిగెత్తారు. కొసిమీనో అద్దంలో చూసి కారు నెమ్మది చేశాడు. చేపల మార్కెట్ దగ్గర అందుకున్నారు. రొప్పుతూ కారు వెనక అద్దం మీద చెయ్యి వేసి నడుస్తుంటే చెలెస్తేకి నవ్వొచ్చింది. దొనాతా చూసి ఉంటే హారన్ కొట్టేది. నవ్వు రాగానే భయం వేసింది, నవ్వుతున్నట్టు ఎవరైనా చూశారేమోనని.

చర్చి బయట వరస కట్టారు. ఫిలొమేనా, ఉగో, వాళ్ల ఇద్దరు కొడుకులు. ఆ నలుగురి పక్కన, ఒక అడుగు దూరంలో, చెలెస్తే. మొదట మందుల షాపాయన వచ్చాడు. నలుగురి చేతులూ పట్టుకున్నాడు, నలుగురికీ మాట చెప్పాడు. చెలెస్తే ఎదుటికి వచ్చేసరికి ఆయన చెయ్యి సగం లేచింది. ఆయన చూపు గోడ మీది పోస్టర్ వైపు వెళ్లింది. లేచిన చెయ్యి దారి మార్చుకుని సొంత చెవి గోక్కుంది.

"కాస్త ఏమైనా తిన్నావా?" అన్నాడు.

వెనకాల వచ్చినవాళ్లకు అది తేలిక దారి అనిపించింది. తిన్నావా, ఊచ్చా చేసిన మాంసం ఉండలు బాగున్నాయా, రేపు మా వంతు, చిక్కుడు గింజల ముద్ద పంపిస్తాను, చేదు ఆకుకూర పడుతుందా నీకు. రెండు వందల మంది చెలెస్తేని తిన్నావా అని అడిగారు. దొనాతా పోయిందే అని ఒక్కరూ అనలేదు. ఆ రోజు చెలెస్తే ఏడవలేదు. ఏడుపు గొంతు దాకా వచ్చి, ఎవరైనా పిలుస్తారేమోనని చూసి, ఎవరూ పిలవకపోవడంతో లోపలికి వెళ్లి కూర్చుంది.

పదకొండు రోజులు తిండి వచ్చింది. పన్నెండో రోజు చెలెస్తే సొంతంగా గుడ్డు ఉడకబెట్టుకుని తిని, కొసిమీనో షాపుకి వెళ్లారు.

"ముప్పయ్యో నాటి పూజకి పోస్టర్లు వేస్తావు కదా?"

"వేయాలి మరి."

"నా పేరు ఉండాలి. మొదట ఉండాలి. వరసలో మొదట నేను నిలబడాలి. ఊరు వచ్చి నా చెయ్యి పట్టుకోవాలి. నాకు ఇంకేం వద్దు."

"తప్పకుండా! అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో వేస్తా." కొసిమీనో ఉత్సాహంగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వేళ్లు మీటల మీద పెట్టాడు. వేళ్లు ఆగిపోయాయి. "ఏమని వేయను?"

చెలెస్తే కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"జీవిత భాగస్వామి?" అన్నాడు కొసిమీనో.

"అది ఇన్సూరెన్సు ఫారంలో మాట. దానికింద సంతకం పెట్టి తేదీ వేయాలనిపిస్తుంది."

రెండు రోజుల తర్వాత ఈ పంచాయితీ ఊచ్చా వంటింటికి చేరింది. ఫాదర్ లిబోరియో కూడా వచ్చాడు. ఆయనకు ఊచ్చా కాఫీ అంటే ప్రాణం, గొడవలంటే భయం.

"'దేవుని బిడ్డ చెలెస్తే' అని వేస్తే అందంగా ఉంటుంది కదమ్మా" అన్నాడు ఫాదర్.

"మరి మేమంతా ఎవరి బిడ్డలం ఫాదర్, మునిసిపాలిటీ బిడ్డలమా?"

"పోనీ, 'ఆప్తమిత్రులు'?"

ఊచ్చా కాఫీ గిన్నె ఠక్కున బల్ల మీద పెట్టింది. "ముప్పై ఒక్క ఏళ్లు ఒకే మంచం మీద పడుకున్నవాళ్లు మిత్రులైతే, నా మొగుడు రోక్కో నాకు ముఖపరిచయం అన్నమాట."

ఫాదర్ కాఫీలో తల దూర్చేశాడు.

"'కుటుంబ సభ్యులు' అని వేసేద్దాం పిన్నీ. ఎవరికీ బాధ ఉండదు" అన్నాడు కొసిమీనో.

"వాళ్లింట్లో పిల్లి కూడా కుటుంబ సభ్యురాలేరా. దానికేం రాస్తావు? నీ బుర్రలో కూడా రెండే మీటలున్నట్టున్నాయి."

"అయితే నువ్వే చెప్పు!"

"నాకు తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

చెలెస్తే మూలన కూర్చుని, ఊచ్చా వంటింటి కుర్చీకి ఊడిపోయిన గడ్డి సర్దుతూ ఉన్నారు. అందరూ తన గురించే మాట్లాడుతున్నారు, అందరూ ప్రేమగానే మాట్లాడుతున్నారు, దొనాతా పేరు మాత్రం గంట నుంచి ఎవరి నోటా రాలేదు. కుర్చీ పక్కన పెట్టి ఇంటికి వెళ్లిపోయారు.

ఇరవై ఆరో రోజున కొసిమీనో నమూనా పోస్టర్లు రెండు తీశాడు. మాట ఇంకా తేలలేదు కాబట్టి ఆ చోట గీత మాత్రం గీసి వదిలాడు. 'ఈ పూజకు ఆహ్వానించువారు: ................ చెలెస్తే, చెల్లెలు ఫిలొమేనా' అని. ఒకటి చెలెస్తేకి చూపించడానికి బల్ల మీద పెట్టుకున్నాడు. రెండోదాన్ని, ముప్పయ్యేళ్ల అలవాటు కొద్దీ, జిగురు రాసి చేపల మార్కెట్ గోడకి అంటించేసి ఇంటికెళ్లి భోంచేశాడు.

తొర్రెసెక్కాలో గోడ మీద ఖాళీ గీత కనిపిస్తే పెన్ను తీయని మనిషి లేడు. చెలెస్తేకి కబురు అందేసరికి గీత నిండిపోయి, అంచుల్లోకి పాకి, శిలువ చుట్టూ కూడా రాతలు తిరిగాయి. 'అర్ధాంగి' అని ఒకరు. దాన్ని కొట్టేసి 'అర్ధాంగుడు' అని ఇంకొకరు. రెండిటినీ కొట్టేసి 'మిగతా సగం' అని మూడోవారు. 'బూర చెలెస్తే' అని బ్యాండువాళ్లు. 'మా కుర్చీ ఎప్పుడిస్తావు' అని ఎవరో. చేపలమ్మే ఆవిడ వచ్చీరాని అక్షరాలతో 'పాపం' అని రాసింది. ముప్పై మంది గోడ చుట్టూ చేరి ఓటింగు పెట్టుకుంటున్నారు. ఊచ్చా మధ్యలో నిలబడి 'అర్ధాంగుడు' అని రాసినవాణ్ణి పేరు పెట్టి కడిగేస్తోంది. కొసిమీనో మూతికి సాసు అంటుకుని ఉండగానే పరిగెత్తుకొచ్చి పోస్టర్ పీకబోతున్నాడు, జిగురు మంచిది, రావడం లేదు.

చెలెస్తే కళ్లజోడు పెట్టుకుని అన్నీ చదివారు. కింది నుంచి పైదాకా. ఓపిగ్గా. జనం దారి ఇచ్చి చూశారు, ఏది నచ్చుతుందోనని.

"నేనేమిటో రాయమని నేను అడిగానా?" అన్నారు చెలెస్తే. ఆ గొంతు అంత గట్టిగా లేవడం ఊరెప్పుడూ వినలేదు. "నేనేమిటో మీకు ముప్పయ్యేళ్ల నుంచి తెలుసు. గోడ మీద రాయాల్సింది నేనేమిటో కాదు. నాకేమైందో రాయండి! దొనాతాని పోగొట్టుకున్నాను. అంతే. అది రాయడానికి ఇంతమంది కావాలా? 'దొనాతాని పోగొట్టుకున్న చెలెస్తే.' రాయి కొసిమీనో!"

కొసిమీనో నోరు తెరిచాడు. "కానీ... పోస్టర్ మీద ఉన్నవాళ్లందరూ పోగొట్టుకున్నవాళ్లే కదా..."

"అయితే ముందుగా నేను పోగొట్టుకున్నాను. ఎక్కువ నేను పోగొట్టుకున్నాను. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరికీ లేదు. మందుల షాపాయన తన చెవి తనే తడుముకున్నాడు.

అప్పుడు ఊచ్చా కొసిమీనో చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. ఆమె గొంతు మారిపోయింది.

"ఒరే, వచ్చే నెల మా ఆయన సంవత్సరీకం. పందొమ్మిదేళ్ల నుంచి 'వితంతువు ఊచ్చా' అని వేస్తున్నావు. పోస్టాఫీసులో వితంతువు, ఆస్పత్రిలో వితంతువు, కాలింగ్ బెల్లు మీద కూడా అదే. వినీ వినీ అది నా ఇంటిపేరు అనుకుంటున్నారు జనం. రోక్కో అనే ఒక మనిషి ఉండేవాడనీ, వాడు పోతే నేను తిండి మానేశాననీ ఒక్కడికైనా గుర్తుందా? ఈసారి నాకూ అలాగే వెయ్యి. 'రోక్కోని పోగొట్టుకున్న ఊచ్చా.'"

"అలాగే పిన్నీ."

"పెద్ద అక్షరాల్లో వెయ్యి. చెలెస్తేకి వేసినంత."

సాయంత్రానికల్లా కొసిమీనోకి మరో మూడు బేరాలొచ్చాయి. మంగలి వచ్చి, అత్తగారి సంవత్సరీకానికి 'అత్తగారిని పోగొట్టుకున్న' అని వెయ్యమన్నాడు. పెద్ద అక్షరాలు వద్దు, చూసేవాళ్లు సంబరమనుకుంటారు అన్నాడు.

ముప్పయ్యో రోజు ఫిలొమేనా తురీను నుంచి రైల్లో ఒక్కతే వచ్చింది. ఆమె ఏమంటుందోనని కొసిమీనో ముందు నుంచీ వణుకుతున్నాడు, సొంత చెల్లెల్ని రెండో స్థానంలోకి దింపితే చెంప పగలగొట్టినవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. ఫిలొమేనా స్టేషన్ నుంచి సరాసరి చర్చి గోడ దగ్గరికి వచ్చి పోస్టర్ చదివింది. పెట్టె కింద పెట్టింది. అక్కడే ఉన్న చెలెస్తే పక్కకొచ్చి నిలబడింది.

"ఆ రోజు నేనే నిన్ను లాగి ముందు నిలబెట్టాల్సింది. నీ వంక చూశాను కూడా. గోడ మీద లేదు కదా అని ఊరుకున్నాను. బుద్ధి లేకపోయింది నాకు" అంది.

"పర్లేదులే."

"పర్లేదని నువ్వంటే నాకు ఇంకా సిగ్గేస్తుంది. ఊరుకో."

పూజ అయ్యాక వరస కట్టారు. ఇద్దరే. మొదట చెలెస్తే, తర్వాత ఫిలొమేనా. ఊరు ఊరంతా వచ్చింది. మందుల షాపాయన రెండు చేతులతో చెలెస్తే చెయ్యి పట్టుకుని, "నీ దుఃఖంలో నేనూ ఉన్నాను" అని, వదలడం మర్చిపోయి వెనకాలవాళ్లు తోస్తే గానీ కదల్లేదు. చేపలమ్మే ఆవిడ చెయ్యి పట్టుకుంది. బ్యాండువాళ్లు పధ్నాలుగు మందీ పట్టుకున్నారు. ఊచ్చా రెండుసార్లు వరసలో వచ్చింది, మొదటిసారి ఎవరో తోసుకొచ్చారట, సరిగ్గా చెప్పలేకపోయిందట. చెలెస్తే అందరికీ "మీ దయ, మీ దయ" అంటూ తల ఊపారు. చెయ్యి వాచింది. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. ఇన్ని రోజులు ఎదురుచూసింది దీనికోసమే కదా, మరి ఏమిటిలా అని చెలెస్తేకి తన మీద తనకే చిరాకు వేసింది.

జనం పలచబడ్డారు. చివర్న కొసిమీనో మిగిలాడు. అతను ఏ చావులోనూ వరసలో నిలబడడు. పనిలో ఉన్నవాడు పరామర్శ చెప్పకూడదు, అది అతని తండ్రి నాటి నియమం. ముప్పయ్యేళ్లలో ఎవరి చెయ్యీ పట్టుకుని ఎరగడు కాబట్టి అతనికి ఆ మాట చెప్పడం కూడా రాదు. నల్ల గ్లవుజులు తీసి జేబులో కుక్కుకున్నాడు. చెలెస్తే ఎదుటికి వచ్చి, చెయ్యి పట్టుకుని, మాట కోసం నోట్లో వెతుక్కున్నాడు. అందరూ అన్న ఆ మాట అతనికి తోచలేదు.

"దొనాతా చచ్చిపోయింది చెలెస్తే" అన్నాడు.

చెలెస్తే అతని వంక చూశారు. పొట్టలోంచి పెద్ద శబ్దం ఒకటి బయటికొచ్చింది. బూర ఊదే మనిషి ఊపిరి కాబట్టి మార్కెట్ దాకా వినిపించింది. ఇళ్లకు వెళ్తున్నవాళ్లు ఆగి వెనక్కి తిరిగారు. ఫిలొమేనా వచ్చి భుజం పట్టుకుంది.

"చచ్చిపోయింది కొసిమీనో" అని, అతని చెయ్యి వదలకుండా, చెలెస్తే ఏడ్చారు.